బుచ్చవ్వ సిఫారసు చేసిన జీవితం

"ఇయ్యాల్టి సంది గ్రంథాలయంల పాఠకుడే మంత్రి, పాఠకుడే ముఖ్యమంత్రి!" అని పఠనాభివృద్ధి మండలి చైర్మన్ జగపతిరావుగారు ప్రకటించారు. ఆ సమయంలో మా శాఖా గ్రంథాలయం బెంచీలన్నీ పార్టీ కార్యకర్తలతో నిండి ఉండటంవల్ల పాఠకులు బయట ఎండలో నిలబడి ఆ శుభవార్త విన్నారు.

ఇది ఎనభై తొమ్మిది నవంబరు మాట. గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతున్నాయి. సుల్తానాబాద్‌లో పెద్ద బస్సు దిగి చిన్న బస్సు ఎక్కితే వచ్చే ఊరు మాది. నేను ఒక దినపత్రికకు ఇక్కడి విలేకరిని. పత్రిక వాళ్ళు నాకు జీతం ఇవ్వరు, పత్రిక కూడా పంపరు. అందుకే నా వార్తలు అచ్చయ్యాయో లేదో చూసుకోవడానికి రోజూ గ్రంథాలయానికి వెళ్తుంటాను. ఆ విధంగా చైర్మన్‌గారి మహత్కార్యాలను మొదటి వరుసలోంచి చూసే భాగ్యం నాకు కలిగింది.

"మీకే పుస్తకం గావాలె? ఏ వారపత్రిక గావాలె? ఏ వీడియో క్యాసెట్ గావాలె? కాయితం మీద రాసియ్యుండ్రి. తెప్పిచ్చే జిమ్మా నాది. ఫికర్ జెయ్యకుండ్రి!" అన్నారు రావుగారు. చప్పట్లు మోగాయి. బయట ఉన్నవాళ్ళు కూడా చెమట తుడుచుకోవడం ఆపి కొట్టారు.

పాఠక సిఫారసు పత్రాలు మూడు రంగుల్లో అచ్చయ్యాయి. తెల్లది గ్రంథాలయానికి, గులాబీది మండలికి, పసుపుది ఎవరికో ఎవరికీ తెలియదు. మూడు వారాల్లో మూడువందల పన్నెండు మంది రాసిచ్చారు. బొగ్గుబావి కార్మికుల పిల్లలు పరీక్షల గైడ్లు అడిగారు. ఆడవాళ్ళు సీరియళ్ళు వచ్చే వారపత్రికలు అడిగారు. పడుచువాళ్ళు అడిగిన క్యాసెట్ల పేర్లు ఇక్కడ రాయను.

మండలి సమావేశమై పదకొండు నిమిషాల్లో నిర్ణయం తీసుకుంది. ఆ తీర్మానం కాపీ నా దగ్గర ఉంది. ఇంత న్యాయమైన తీర్మానాన్ని నేను ఇంతవరకు చూడలేదు. "పాఠకులు కోరినవి మూడువందల పన్నెండు రకాలు. అన్నీ కొనుట అసాధ్యము. కొన్ని మాత్రమే కొన్నచో తక్కిన పాఠకులకు అన్యాయము జరుగును. కావున ఎవ్వరూ కోరని పుస్తకము కొన్నచో ఎవ్వరికీ అన్యాయము జరుగదు."

అలా చైర్మన్‌గారి ఆత్మకథ 'ప్రజల వెంట నా పాదం' అయిదువందల ప్రతులు వచ్చాయి. వారపత్రికల బదులు పార్టీ పత్రిక వచ్చింది. వీడియో విభాగానికి రంగుల టీవీతోపాటు చైర్మన్‌గారి గృహప్రవేశం క్యాసెట్ వచ్చింది, రెండు భాగాలుగా. మొదటి భాగంలో పాలు పొంగవు. రెండో భాగం కోసం జనం ఎదురుచూడాలని అలా తీశారట.

ఆత్మకథను నేను మా పత్రికలో సమీక్షించాను కనుక దాన్ని చదవాల్సిన అవసరం రాలేదు. రాసింది రావుగారి పీఏ అంతయ్య. ఆయన తానే రాశాడు కనుక అచ్చయినాక తెరవలేదు. రావుగారు తన జీవితమే కనుక తెరవలేదు. మొదటి నాలుగు పేజీలు మాత్రం అందరూ చూశారు. ఎందుకంటే అందులో చైర్మన్‌గారి ఫోటో, మంత్రిగారి ఫోటో, మంత్రిగారి ముందుమాట ఉన్నాయి.

ఇక రెండో పథకం సిబ్బంది సిఫారసు. గ్రంథాలయ సిబ్బంది ఒక్కొక్కరు నెలకొక పుస్తకం పేరు నల్లబల్ల మీద రాయించాలి. పాఠకులు చదివి, బాగుంటే చీటీ రాసి డబ్బాలో వేయాలి. ఎవరి సిఫారసుకు ఎక్కువ చీటీలు పడితే వాళ్ళు పర్మనెంట్ అయితే ప్రమోషన్, పార్ట్‌టైం అయితే పర్మనెంట్. ఇది రావుగారు మైకులో, నలుగురి ముందు ఇచ్చిన మాట.

మా గ్రంథాలయానికి సిబ్బంది ఇద్దరే. లైబ్రేరియన్ ముత్యం, స్వీపర్ బుచ్చవ్వ. ముత్యం నెమ్మదస్తుడు. ఎవరికి ఏ పుస్తకం నచ్చుతుందో ముఖం చూసి చెప్పగలడు. బుచ్చవ్వ పద్నాలుగేళ్ళుగా పార్ట్‌టైం. పార్ట్‌టైం అంటే పొద్దున ఆరింటికి తాళం తీసి, ఊడ్చి, కుండల్లో నీళ్ళు పోసి, బీరువాలు తుడిచి, పత్రికలకు కర్రలు బిగించి, సాయంత్రం ఏడున్నరకు తాళం వేసి పోవడం. పర్మనెంట్ కాగితం కోసం ఆమె తిరగని ఆఫీసు లేదు. వచ్చే మార్చి దాటితే వయసు మీరిపోతుందని, ఇక ఎవరూ ఏమీ చేయలేరని ముత్యం లెక్కగట్టి చెప్పాడు. ఆ రోజు నుంచి ఆమె ముఖం చూడాలంటే నాకు కష్టంగా ఉండేది.

నల్లబల్ల ప్రారంభోత్సవం నాడు రావుగారు స్వయంగా అడిగారు.

"ఏం బుచ్చవ్వా, నువ్వేం పుస్తకం సిఫారసు జేస్తవు?"

"నాకు సదువు రాదు గద సారూ."

"రాకుంటె ఏమాయె? సదివినోళ్లు సిఫారసు జేస్తె పక్షపాతం ఒస్తది. నువ్వయితెనే న్యాయం."

బుచ్చవ్వ లేచి మూడో బీరువా దగ్గరకు వెళ్ళి, అట్ట ఊడి, అంచులు నల్లబడి, మధ్యలో పసుపు మరకలున్న ఒక పాత నవల తెచ్చి బల్ల మీద పెట్టింది.

"గిది మంచిదున్నట్టున్నది సారూ. పద్నాలుగేండ్ల సంది దీని మీద నేను దుమ్ము దులుపలే. దులుపుదామంటె దొర్కది. ఎవలో ఒకలు పట్కపోతనే ఉంటరు."

ముత్యం నోరు తెరిచాడు. గ్రంథాలయ శాస్త్రంలో డిప్లొమా చేసినవాడు ఆయన. ఆ డిప్లొమాలో ఇంత సూటైన పద్ధతి చెప్పలేదని తర్వాత నాతో అన్నాడు.

రావుగారు ముచ్చటపడ్డారు. ముచ్చటలో ఒక ప్రశ్న అడిగారు. "మరి నా పుస్తకమెట్లున్నదే?"

"మీ దాని మీద ఏలు వెడితె ఏలు కనవడది సారూ."

ముత్యం దగ్గాడు. బుచ్చవ్వకు తానేమన్నదో అప్పటికి గాని అర్థం కాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె పర్మనెంట్ కాగితం ఆ నిమిషంలోనే గాలికి పోయిందని నేను అనుకున్నాను.

"అంతయ్యా, జనం ముట్టుకుంటలేరా?" అన్నారు రావుగారు.

"గౌరవం సార్. పెద్దల జీవితమాయె. ముట్టుకోవాల్నంటె జంకుతున్నరు" అన్నాడు అంతయ్య.

"గంత గౌరవం వద్దు. తగ్గియ్యుండ్రి."

గౌరవం తగ్గించే బాధ్యత ముత్యం మీద పడింది. రేషను షాపులో మంచినూనె కావాలంటే అమ్ముడుపోని సబ్బు కూడా తీసుకోవాలి కదా, ముత్యం అదే పద్ధతి పెట్టాడు. నవల కావాలంటే చైర్మన్‌గారి జీవితం జత. వంటల పుస్తకానికీ జీవితం జత. పిల్లల బొమ్మల కథకు కూడా జీవితం జతే. గృహప్రవేశం క్యాసెట్ చూసినవాళ్ళకు మాత్రం మినహాయింపు. వాళ్ళు ఇప్పటికే అనుభవించారని ముత్యం జాలిపడ్డాడు.

రెండు వారాలు గడిచాక డబ్బాలో మొదటి చీటీ పడింది. గొర్లు కాసే రాయమల్లు బిడ్డతో రాయించిన చీటీ అది. "చైర్మన్ సారు జీవితం నా బిడ్డ సదివి ఇనిపిచ్చింది. అందుల చెప్పినట్టు జేస్తె పారుకుంటున్న నా మేకకు పారుడు కట్టింది. సారు సల్లగుండాలె."

ముత్యం ఆ చీటీని రెండుసార్లు చదివాడు. వారం తిరిగేసరికి ఇంకా వచ్చాయి. "రావుగారి అనుభవాల వల్ల మా బర్రె పాలు అద్దసేరు పెరిగినయి." "సారు జీవితంల బర్రెల రక్తం దాగే గోమార్లు రాలగొట్టే ఉపాయం మస్తుగున్నది. జర పెద్దక్షరాల అచ్చెయ్యాలె." "ఇసొంటి నాయకుడు మా దిక్కు సుత పుట్టాలె. మా కోళ్లు పరేషాన్‌ల ఉన్నయి."

అప్పుడు ముత్యం, నేను, బుచ్చవ్వ తలుపు దగ్గరకు వేసి ఆ పుస్తకాన్ని అయిదో పేజీలో తెరిచాం. "పశువుల రోగములు, గృహ చికిత్సలు. మొదటి ప్రకరణము: మేత, నీరు" అని ఉంది.

తర్వాత వాకబు చేస్తే సంగతి తెలిసింది. ఆ ప్రెస్సులో చైర్మన్‌గారి పుస్తకం, ఒక ప్రభుత్వ శాఖవారి పశువుల పుస్తకం ఒకే వారంలో అచ్చయ్యాయి. రెండూ ఒకే సైజు, రెండూ తొంభై ఆరు పేజీలు. బైండింగు చేసేవాడు అట్టను, మొదటి నాలుగు పేజీలను దీనివి దానికి, దానివి దీనికి కుట్టేశాడు. అంటే పశువుల బొమ్మ అట్టలో చైర్మన్‌గారి అసలు జీవితం ఆ శాఖవారికి చేరింది. అక్కడినుంచి ఇంతవరకు ఒక్క ఫిర్యాదు రాలేదు. కట్టలు గోదాములో భద్రంగా ఉన్నాయి. విప్పితే కదా.

"ముత్యం సారూ, గీ సంగతి పెద్దసారుకు జెప్పాల్నా?" అంది బుచ్చవ్వ.

"చెప్తే నా కొలువు పోతది. నీది వచ్చేదే రాకుండ పోతది."

"చెప్పకపోతే?" అన్నాను నేను.

"మేకలు బతుకుతయి" అన్నాడు ముత్యం.

మేం చెప్పలేదు. ఇక రద్దీ మొదలైంది. చుట్టుపక్కల పల్లెలనుంచి జనం పలుపుతాళ్ళు భుజాన వేసుకుని గ్రంథాలయానికి రావడం నేను కళ్ళారా చూశాను. జత పద్ధతి తలకిందులైంది. చైర్మన్‌గారి జీవితం కావాలంటే ఒక నవల కూడా తీసుకోవాలని ముత్యం నియమం పెట్టాడు. నవలలు కూడా కదిలాయి. ఒకనాడు బుచ్చవ్వ 'ప్రజల వెంట నా పాదం' ఉండే అరను చూపుడు వేలితో తుడిచి, వేలు చూసుకుని, "గిప్పుడు రాయి సారూ బల్ల మీద. నా సిఫారసు గీ పుస్తకమే. అబద్ధం గాదు" అంది. నాలుగువందల చీటీలు పడ్డాయి.

చీటీలన్నీ అంతయ్య పట్టుకుపోయి రావుగారికి వినిపించాడు. నేను ఇంటర్వ్యూ కోసం వెళ్ళి ఉన్నాను కనుక ఆ ఘట్టం కూడా చూశాను. రావుగారు కళ్ళు మూసుకుని విన్నారు.

"అంతయ్యా, నా బతుకు పశువులకు సుత పనికొస్తున్నదానోయ్!"

"మహానుభావుల చరిత్రలు గట్లనే ఉంటయి సార్. మనుషులతోని ఆగయి."

"బర్రెలు సుత ఎక్కువ పాలిస్తున్నయంటె... నేను పాదయాత్ర జేసిన అధ్యాయం వల్లనే అయి ఉంటది."

"గదే అయి ఉంటది సార్."

నాకు ఆశ్చర్యం వేయలేదు. పాతికేళ్ళుగా రోజూ దండలు వేయించుకున్న మెడకు ఇది కూడా ఒక దండే.

కబురు రాజధానికి చేరింది. పశువులను కూడా ప్రభావితం చేసిన ఏకైక ఆత్మకథను రాష్ట్రంలోని గ్రంథాలయాలన్నిటికీ కొనాలని సర్కారు నిర్ణయించింది. మంత్రిగారే వచ్చి రెండో ముద్రణ ఆవిష్కరిస్తారు, ఆ సభలోనే బుచ్చవ్వకు పర్మనెంట్ కాగితం ఇస్తారు అన్నారు. తేదీ మార్చి ఇరవై. బుచ్చవ్వ వయసు మీరడానికి పదకొండు రోజుల ముందు.

రెండో ముద్రణ హైదరాబాదులో, ఆఫ్‌సెట్‌లో, కాగజ్‌నగర్ తెల్లకాగితం మీద వేయించారు. మొదటి ప్రెస్సు పాతదని అంతయ్య కొత్త ప్రెస్సుకు తన రాతప్రతి నేరుగా ఇచ్చాడు. అయిదువేల ప్రతులు లారీలో దిగాయి. ఆవిష్కరణకు ముందే నలిగిన పాత ప్రతులు వెనక్కి తీసుకుని కొత్తవి ఇవ్వాలని ఉత్తర్వు.

మూడోనాడు రాయమల్లు కొత్త పుస్తకం పట్టుకుని ఉరుకుతూ వచ్చాడు.

"ముత్యం సారూ, గిదేం పుస్తకం? మేక సంగతి ఉండే పేజీల సారు రైలెక్కి ఢిల్లీ వొయిండని ఉన్నది. గది మేకకెట్ల వట్టియ్యాలె?"

"జర ఓపిక వట్టు రాయమల్లూ."

"ఓపిక నాకున్నది, మేకకు లేదు. గిది డూప్లికేట్ మాలు. మొన్న ఇత్తునాలు గిట్లనే అంటగట్టిండ్రు. పాత జీవితం తియ్యి!"

ఊరంతా అదే మాట. నకిలీ విత్తనాలు, నకిలీ ఎరువులు చూసిన జనం, నకిలీ జీవితాన్ని ఇట్టే పట్టేశారు. ఆనాటి నుంచి, దాచుకున్న పాత ప్రతులు ఒక్కటి కూడా వెనక్కి రాలేదు.

ఆ మధ్యాహ్నం గ్రంథాలయం ఖాళీగా ఉన్నప్పుడు ముత్యం కొత్త పుస్తకం తిరగేస్తూ నలభై ఒకటో పేజీ దగ్గర ఆగిపోయాడు. బుచ్చవ్వను పిలిచి చదివి వినిపించాడు. "మా గ్రంథాలయంలో ఏళ్ళ తరబడి పార్ట్‌టైం స్వీపరుగా మగ్గిన బుచ్చవ్వ అనే పేదరాలిని నేను పర్మనెంట్ చేసిన నాడు ఆమె కార్చిన ఆనందబాష్పాలను ఈ జన్మలో మరువలేను."

బుచ్చవ్వ చీపురు కింద పెట్టింది.

"నేనెప్పుడేడ్చిన సారూ?"

"ఏడ్వలే."

"పర్మనెంటెప్పుడైన?"

"కాలే."

"మరి అచ్చుల ఉన్నది గద?"

"ఉన్నది."

"అచ్చుల ఉన్నదాన్ని సర్కారోళ్లకు కాదనొస్తదా?"

ఆమె ఆ పేజీ మూల మడిచి ఇమ్మని అడిగి తీసుకుంది. పద్నాలుగేళ్ళలో ఆమె ఇంటికి తీసుకుపోయిన మొదటి పుస్తకం అదే. నాకు కోపం వచ్చింది, ఎవరి మీద చూపాలో తెలియక బీడీ ముట్టించాను.

ఈ సంగతి ఊళ్ళు దాటింది. ఎవరికి వాళ్ళు తమ ఊరి పేరున్న పేజీ వెతుక్కున్నారు. యాభై రెండో పేజీలో వాగు మీద వంతెన ఉంది. యాభై ఎనిమిదిలో పన్నెండు బోరింగులు, డెబ్బయిలో ఆడపిల్లల బడి ఉన్నాయి. అంతయ్య కలం ధారాళమైనది, అడిగిన వారికీ అడగని వారికీ ఇచ్చుకుంటూ పోయింది.

మార్చి ఇరవై వచ్చింది. గ్రంథాలయం ముందు షామియానా వేశారు. పాఠకులకు ఈసారి నీడ దొరికింది, కాకపోతే వాళ్ళలో సగంమంది పశువులతో వచ్చారు. మంత్రిగారు మైకు ముందు నిలబడి, "జగపతిరావుగారి జీవితాన్ని నిన్న రైల్లో ఏకబిగిన చదివాను. కన్నీళ్ళు ఆగలేదు. పశువులు మారాయంటే ఆశ్చర్యమేముంది?" అన్నారు. ఆయన వచ్చింది కారులో. అది పెద్ద విషయం కాదు.

అంతలో రాయమల్లు లేచి నిలబడ్డాడు. ఒక చేతిలో పాత పుస్తకం, ఒక చేతిలో కొత్తది.

"మంత్రి సారుకు దండం. రెండిట్ల ఒకే ఫోటో, ఒకే పేరు. లోపట మాత్రం ఒకదానికొకటి సంబంధం లేదు. గిండ్ల సారు అసలు జీవితం ఏది?"

అంతయ్య పాత పుస్తకం ఒకటి లాక్కుని అయిదో పేజీ తెరిచాడు. రావుగారి చెవిలో ఏదో చెప్పాడు. రావుగారు కూర్చున్న కుర్చీ కిర్రుమంది.

అప్పుడు బుచ్చవ్వ వేదిక దగ్గరికి నడిచింది. ఉతికిన చీర కట్టుకుని ఉంది. చేతిలో మూల మడిచిన కొత్త పుస్తకం.

"గీ కొత్తదే అసల్ది సారూ. అంతయ్య సారు రాసిందిదే అంటున్నరు. నలభై ఒకటో పేజీల నన్ను పర్మనెంట్ జేసిండ్రు. ఏడ్చిన అని సుత ఉన్నది. కాయితమియ్యుండ్రి, ఏడుస్త."

ఆమె వెనకాలే ఒక పెద్దమనిషి వచ్చాడు. తలకు రుమాలు, కాళ్ళకు మోకాళ్ళదాకా దుమ్ము. చాలా దూరపు పల్లెనుంచి వచ్చిన కొమురెల్లి అట.

"అరవై మూడో పేజీల మా ఊరికి డాంబర్ రోడ్డున్నది సారూ. గా రోడ్డు మీదనే వద్దామని నిన్న పొద్దుగాల బైలెల్లిన. పొలాల పొంటి దేవులాడుకుంట వచ్చిన. దొర్కలే. జర ఏడేసిండ్రో జెప్తె పోయేటప్పుడన్న ఎక్కిపోత."

"యాభై రెండో పేజీ, వంతెన!" అని ఎవరో అరిచారు. "బోరింగులు! పన్నెండు!" అన్నారు ఇంకెవరో. ముత్యం క్రమశిక్షణ గల మనిషి. పేజీ నంబర్ల వరుసలో నిలబడండి అన్నాడు. వరుస షామియానా దాటి, వీధి దాటి, మలుపు తిరిగింది.

మంత్రిగారు రావుగారి వైపు చూశారు. రావుగారు ఆ వరుస వైపు చూశారు. తన జీవితం అంత పొడుగ్గా నిలబడి తనవైపే నడిచి రావడం ఆయన ఎన్నడూ చూసి ఉండరు. ఒక నిమిషం గడిచింది. గొప్ప నాయకులకు నిర్ణయం తీసుకోవడానికి అంతకంటే పట్టదు.

"సోదరులారా!" అన్నారు మైకు అందుకుని. "గీ కొత్త పుస్తకం నకిలీది! నా పేరు చెడగొట్టాల్నని ప్రతిపక్షాలోళ్లు చేసిన కుట్ర! రోడ్లట, వంతెనలట! నేను ఎన్నడన్న గసొంటి పనులు జేసిన్నా? మీరే చెప్పుండ్రి!"

"లేదు! లేదు!" అన్నారు జనం ఒక్క గొంతుతో.

"నా అసలు జీవితం గిది!" అని రాయమల్లు చేతిలోని పాత పుస్తకం తీసుకుని తలమీదికి ఎత్తారు. కార్యకర్తలు జిందాబాద్ కొట్టారు. ఒక బర్రె కూడా అరిచింది.

కొమురెల్లి మాత్రం కదల్లేదు. "గట్లయితె అసలు దాంట్ల మా రోడ్డు ఎన్నో పేజీల ఉన్నది?"

ముత్యం పాత పుస్తకం తిరగేసి చూశాడు. "రోడ్డు లేదు పెద్దాయనా. అరవై మూడుల పచ్చిగడ్డి ఉన్నది."

మంత్రిగారు పద్ధతి తెలిసిన మనిషి. సర్కారు కొనాల్సిన పుస్తకం కనుక ఏది అసలో ఇప్పుడే, ఇక్కడే రాతపూర్వకంగా తేలాలన్నారు. అంతయ్య ధ్రువపత్రం రాశాడు. "ఈ పాత ప్రతిలో ఉన్నదే నా యథార్థ జీవితమని, ఇందులోని ప్రతి అక్షరమూ నా స్వానుభవమని ప్రమాణపూర్వకముగా తెలియజేయుచున్నాను." రావుగారు సంతకం చేశారు. కింద సాక్షి స్థలం మిగిలింది. నిబంధన ప్రకారం ఏ సిబ్బంది సిఫారసు మీద పుస్తకం గెలిచిందో వాళ్ళే సాక్షి.

అంటే బుచ్చవ్వ.

సిరాపెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టారు. బుచ్చవ్వ బొటనవేలును కొంగులో చుట్టుకుంది.

"పెట్టు బుచ్చవ్వా, మంత్రిగారికి టైమవుతున్నది" అన్నాడు అంతయ్య.

"పెట్ట."

"ఏందే?"

"నలభై ఒకటో పేజీ నకిలీదన్నరు గద సారూ. మరి గా పేజీల ఉన్న బుచ్చవ్వ సుత నకిలీదే గద. నకిలీదాని ఏలుముద్ర ఎట్ల నడుస్తది?"

పద్నాలుగేళ్ళుగా ఆఫీసుల గుమ్మాల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి ఆమె. ఆ చేతులు ఇప్పుడూ కట్టుకునే ఉన్నాయి, వేలు మాత్రం లోపల ఉంది. వీధిలో ఆ వరుస ఇంకా చెదరలేదు. యాభై రెండో పేజీవాళ్ళు మెల్లగా ముందుకు జరుగుతున్నారు.

"ఏం గావాలెనే నీకు?" రావుగారి గొంతు కింది స్థాయిలో వచ్చింది.

"నన్ను అసల్దాన్ని జెయ్యుండ్రి సారూ."

టైపు మిషన్ తెప్పించారు. ముత్యం కొట్టాడు. ఇన్నేళ్ళలో అంత వేగంగా ఆయన వేళ్ళు కదలడం నేను చూడలేదు. రావుగారు సంతకం చేశారు, మంత్రిగారు పక్కన ఇంకో సంతకం చేశారు, అంతయ్య సంచిలోంచి ముద్ర తీసి గుద్దాడు. బుచ్చవ్వ కాగితం ముత్యానికి ఇచ్చి రెండుసార్లు చదివించుకుంది. తర్వాత నా దగ్గరికి తెచ్చింది.

"పత్రికాయనా, నువ్వు సుత ఒకసారి సదువు. ముత్యం సారు మంచోడు, నా మనసు కష్టవెట్టొద్దని ఉన్నది లేంది సదువుతడు."

చదివాను. అప్పుడు ఆమె వేలు బయటికి తీసి, సిరాలో అద్ది, ధ్రువపత్రం మీద గట్టిగా ఒత్తింది. ఆమె ఏడవలేదు. ఏడ్చింది నేను.

చట్టప్రకారం అంతా ముగిసింది. జనం వరుస విడిపోయింది. కొమురెల్లి తన పుస్తకాన్ని మడిచి రుమాలులో పెట్టుకుని, వచ్చిన దారినే వెళ్ళాడు. మంత్రిగారు మళ్ళీ మైకు అందుకున్నారు.

"ఇంత గొప్ప జీవితాన్ని గడిపిన మనిషి మన మధ్య ఉన్నారు. జగపతిరావుగారూ, మీ జీవితంలో మీ మనసుకు బాగా దగ్గరైన ఘట్టం ఒకటి మీ నోటితో చదివి వినిపించండి. ఇది నా సిఫారసు."

రావుగారు లేచారు. కళ్ళజోడు పెట్టుకున్నారు. పుస్తకం మధ్యలో ఎక్కడో తెరిచి, ఒకసారి గొంతు సవరించుకుని, నిండు సభలో తన జీవితాన్ని మొదటిసారిగా చదవడం మొదలుపెట్టారు.

"కడుపు ఉబ్బిన పశువు నేలమీద పడి ఉండును. పిలిచిన పలుకదు. మేత ముందర పెట్టినను చూడదు." రావుగారి స్వరం బరువెక్కింది. "అట్టి సమయమున దానిని తిట్టరాదు, కొట్టరాదు. ఎడమ డొక్కను మెల్లగా నిమురవలెను. వాము నూరి, నూనెలో కలిపి, కొంచెము కొంచెముగా పట్టించవలెను." ముందు వరుసలో ఒక అధికారి జేబురుమాలు తీశారు. "ఓపికతో వేచి ఉండవలెను." ఇక్కడ రావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. "లోపల నిండిన గాలి అంతయు బయటికి పోయిన పిమ్మట, పశువు తనంతట తానే లేచి నిలబడును."

మంత్రిగారు లేచి నిలబడ్డారు. ఆయన లేచారు కనుక అధికారులు లేచారు. అధికారులు లేచారు కనుక మేమందరం లేచి నిలబడ్డాం.